వంకాయలపాటి వారి పాట్లు

(కూకట్‌పల్లిలో ఒక మూడో అంతస్తు. ఉదయం ఏడు గంటలు. సింహాచలం గారు అనకాపల్లిలో దస్తావేజులు రాసి రాసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. పెంచలమ్మ గారు ముప్పై ఏళ్లు బడిపిల్లలకు తెలుగు వ్యాకరణం చెప్పి, పిల్లలు లేకపోయినా ఆ అలవాటు మానని మనిషి. డల్లాస్‌లో కొడుక్కి ఆడపిల్ల పుట్టి రెండు రోజులైంది. బల్ల మీద చల్లారిన కాఫీ, తరగవలసిన వంకాయలు.)

సింహాచలం: చూశావా, నీ కొడుకు ఏం రాశాడో!

పెంచలమ్మ: ఉద్యోగం వచ్చినప్పుడు మీ కొడుకు. ఇప్పుడు నా కొడుకు. ఏం రాశాడు?

సింహాచలం: ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లేలోపు పిల్ల పేరు, ఇంటిపేరు కాగితం మీద రాసి ఇవ్వాలట. 'వంకాయలపాటి' అక్కడివాళ్లకు నోరు తిరగడం లేదట. "నాన్నా, ఇంటిపేరు కాస్త కురచ చేస్తాను, ఏమీ అనుకోరు కదా" అంటున్నాడు. కురచ చేయడానికి అదేమైనా చొక్కా చెయ్యా?

పెంచలమ్మ: నలభై రెండేళ్లుగా మోస్తున్నాను, నాకే ఇంకా నోరు తిరగలేదు. బడిలో హాజరు పట్టీలో సంతకం పెడితే పక్క గడిలోకి పోయేది. సోమవారం వచ్చినా మంగళవారం కూడా వచ్చినట్టు ఉండేది.

సింహాచలం: అదేమైనా ఆషామాషీ పేరా? పూర్వం మా వంశంలో ఎవరో ఒక మహారాజుకు లేత వంకాయలు కానుకగా...

పెంచలమ్మ: మహారాజూ లేడు, కానుకా లేదు. పల్నాడు జిల్లాలో, ఎడ్లపాడు మండలంలో వంకాయలపాడు అని ఒక ఊరుంది. ఆ ఊరివారు వంకాయలపాటి వారు. అంతే.

సింహాచలం: ఊరు పాడు అయితే మేము పాటి ఎలా అయ్యాం?

పెంచలమ్మ: (కళ్లు మెరుస్తాయి. ముప్పై ఏళ్ల తరువాత ఒక విద్యార్థి సరైన ప్రశ్న అడిగాడు) ఔపవిభక్తికాలు! మరో మాటతో కలిసేటప్పుడు పేరు చివర వచ్చి చేరే ఇ, టి, తి. ఏరు నీళ్లు అంటామా? ఏటి నీళ్లు. ఊరు చెరువు అంటామా? ఊరి చెరువు. అలాగే టంగుటూరు ఊరివారు టంగుటూరి ప్రకాశం గారు. కందుకూరు ఊరివారు కందుకూరి వీరేశలింగం గారు. పాడు ఊరివారు పాటి. మన ఇంటిపేర్లు చాలామటుకు పూర్తి మాటలే కావు. 'ఫలానా ఊరి...' అని సగంలో ఆగిపోయిన మాటలు.

సింహాచలం: అంటే ఆ ఊరు మొత్తం మాదే అన్నమాట!

పెంచలమ్మ: ఊళ్లోనే ఉంటే ఆ పేరు మీకెందుకు వస్తుంది? అక్కడ అందరూ వంకాయలపాటి వారే కదా! ఊరు వదిలి మరో ఊళ్లో దిగితే, "ఎవరయ్యా ఈ కొత్త మనిషి?" అని అక్కడివాళ్లు అడిగితే, అప్పుడు వచ్చే పేరు అది. గురజాడ ఉన్నది కృష్ణా జిల్లాలో, అప్పారావు గారు పేరు తెచ్చుకున్నది విజయనగరంలో. సర్వేపల్లి ఉన్నది నెల్లూరు జిల్లాలో, రాధాకృష్ణన్ గారు 1888లో పుట్టింది తిరుత్తణిలో.

సింహాచలం: అయితే మా తాత ముత్తాతలు అప్పులు చేసి పారిపోయారంటావు.

పెంచలమ్మ: ఊరు వదిలారన్నాను. రాత్రిపూట వదిలారని అనలేదు.

సింహాచలం: నువ్వు ఎన్నయినా చెప్పు, ఇంటిపేరును బట్టి మనిషిని తూచకూడదు. మా వైపు కోడి రామమూర్తి నాయుడు గారు ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్నారు. ఇంటిపేరు చూస్తే కోడి!

పెంచలమ్మ: మీరు అయిదు కిలోల బియ్యం సంచికి లిఫ్టు పిలుస్తారు. ఏమైనా మా పుట్టింటి పేరులో ఉన్న దర్జా వేరు. పులిచింతల! పేరులోనే పులి ఉంది.

సింహాచలం: (ఈ మాట కోసమే నలభై రెండేళ్లుగా కాచుకుని ఉన్నట్టు) పులా? పులిహోరలో ఏ పులి ఉంది, పెంచలా?

పెంచలమ్మ: పులిహోరలో... అది పులుపు.

సింహాచలం: కదా! పులిచింత అంటే పుల్లటి ఆకు. మూడేసి ఆకులతో, పచ్చటి పూలతో తడి ఉన్న చోటల్లా దానంతటదే మొలుస్తుంది. మన తులసి కుండీలో కూడా ఉంది. నిన్న నీ పులిని నేనే పీకి పారేశాను.

పెంచలమ్మ: (తగ్గకుండా) మా పేరుతో కృష్ణానది మీద ప్రాజెక్టు ఉంది!

సింహాచలం: మా వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు ఉంది!

పెంచలమ్మ: పేరు వంకాయలది, బేరం మిరపకాయలది. సరిగ్గా మీలాగే. మన శుభలేఖ చూసి మా మేనమామ ఏమన్నాడో తెలుసా? "వంకాయలపాటి వారు, పులిచింతల వారు. కూర తయారు. ఉప్పు ఒక్కటే తక్కువ" అన్నాడు.

సింహాచలం: ఆ మాట నాకు ఇన్నాళ్లూ చెప్పలేదే!

పెంచలమ్మ: మీకు వంకాయ పడదు కదా, ఎందుకులే అని ఊరుకున్నాను. ఇంతకీ పిల్ల పేరు సంగతి చూడండి.

సింహాచలం: పంతులు గారికి ఫోను చేశాను. హస్తా నక్షత్రం, మూడో పాదం. 'ణ'తో మొదలు కావాలన్నారు.

పెంచలమ్మ: హస్తకు పూ, ష, ణ, ఠ. ణతో మొదలయ్యే తెలుగు మాట ఒక్కటి చెప్పండి.

సింహాచలం: ణ... ణ... ణ్...

పెంచలమ్మ: మంచినీళ్లు తాగండి. మరో ఆరు గంటలు ఆగి పుట్టి ఉంటే 'ఠ' వచ్చేది. ఇదే నయం.

సింహాచలం: అయితే నక్షత్రం వద్దు. మా నాయనమ్మ పేరు పెడదాం. నన్ను పెంచిన మనిషి.

పెంచలమ్మ: మంచిదే. ఆవిడ పేరు ఏమిటి? అందరూ నాయనమ్మ అనడమే కానీ పేరు ఎప్పుడూ వినలేదు.

సింహాచలం: (ఫ్యాను వైపు చూస్తూ, మెల్లగా) పెంటమ్మ.

(కాసేపు ఫ్యాను చప్పుడు మాత్రమే.)

సింహాచలం: ఏం? అమెరికాలో పెంటగాన్ అని అంత పెద్ద కట్టడమే ఉంది. సైన్యం మొత్తం ఆ పేరు కిందే పనిచేస్తోంది. (ఫోను తీసి, బల్ల కింద ఏదో నొక్కుతాడు.)

పెంచలమ్మ: (నవ్వు ఆపుకుని) ఆ పేరుకు నవ్వకూడదు. ఆవిడకు ముందు పుట్టినవాళ్లు ఎవరైనా పోయారా?

సింహాచలం: ముగ్గురు. పురిట్లోనే.

పెంచలమ్మ: అందుకే. నాలుగో బిడ్డను తీసుకువెళ్లి పెంటకుప్ప మీద పడుకోబెట్టారు. మళ్లీ వాళ్లే ఎత్తుకుని, "ఇది మేము కన్నది కాదు, ఇక్కడ దొరికింది" అన్నారు. వెతుక్కుంటూ వచ్చిన యముడు, పారేసిన బిడ్డతో మనకేం పని అని వెళ్లిపోవాలి. ఎంగిలి విస్తళ్లలో పడుకోబెట్టిన వాళ్లు పుల్లయ్యలు, పుల్లమ్మలు. ఎవరి దగ్గరో భిక్ష అడిగి తెచ్చుకున్నట్టు నటిస్తే భిక్షమయ్యలు. బిడ్డ బతకాలని తల్లి ఆడిన అబద్ధం అది. ఆవిడ ఎన్నాళ్లు బతికారు?

సింహాచలం: తొంభై ఒక్క ఏళ్లు. చివరి రోజు కూడా నన్ను తిట్టింది.

పెంచలమ్మ: చూశారా, యముడు నమ్మాడు.

సింహాచలం: అయితే ఇంకేం, అదే...

పెంచలమ్మ: పెట్టం.

సింహాచలం: పోనీ, దేవుడి పేరు. దస్తావేజుల్లో పేరు చూస్తేనే నేను మనిషి ఏ వైపువాడో చెప్పేవాణ్ణి. నూకరాజు అంటే మా నూకాలమ్మ తల్లి. కొమురయ్య అంటే కొమురవెల్లి మల్లన్న. మస్తానయ్య అంటే కసుమూరు దర్గా మొక్కు. నెల్లూరు వైపు హిందువులే పెట్టుకుంటారు.

పెంచలమ్మ: (ఒప్పుకోవడం ఇష్టం లేకపోయినా) అది నిజమే. ఇంటిపేరు వదిలి వచ్చిన ఊరు చెబుతుంది, పేరు వచ్చి చేరిన చోట దొరికిన దేవుణ్ణి చెబుతుంది. మీవాళ్లు వంకాయలపాడు వదిలి విశాఖ వైపు చేరారు, అప్పన్నకు మొక్కుకున్నారు, మీరు సింహాచలం అయ్యారు. మావాళ్లు నెల్లూరు వైపు వచ్చి పెంచలకోన స్వామికి మొక్కుకున్నారు, నేను పెంచలమ్మనయ్యాను.

సింహాచలం: ఆగు. సింహాచలంలో నరసింహస్వామి. పెంచలకోనలోనూ నరసింహస్వామే!

పెంచలమ్మ: అహోబిలంలోనూ ఆయనే, అక్కడ ఓబులేసు అవుతాడు. యాదగిరిగుట్టలోనూ ఆయనే, ఇక్కడ యాదయ్య అవుతాడు.

సింహాచలం: అదీ సంగతి! ఒకే ఇంట్లో రెండు నరసింహావతారాలు. ఈ ఇంట్లో ఒక్క పూటైనా ప్రశాంతత లేదంటే ఎందుకు ఉంటుంది? సరే, డల్లాస్‌లో ఏ దేవుడు?

పెంచలమ్మ: దేవుడే కానక్కరలేదు. మన్రో దొర 1800 నుంచి 1807 దాకా రాయలసీమ వైపు దత్త మండలాలకు కలెక్టరుగా ఉంటే, అక్కడివాళ్లు అభిమానంతో పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారు.

సింహాచలం: ఇప్పుడు డల్లాస్ కలెక్టరు ఎవరో కనుక్కోమంటావా?

పెంచలమ్మ: ఆమాటకొస్తే మీ పాత లెక్క ప్రకారం ఇంటిపేరు కూడా మారాలి. వాడు వదిలి వెళ్లిన ఊరు ఏది? ఇదే. కాబట్టి పిల్ల ఇంటిపేరు కూకట్‌పల్లి.

సింహాచలం: (కాఫీ పొలమారి) కూకట్‌పల్లా!

పెంచలమ్మ: బూర్గుల రామకృష్ణారావు గారి అసలు ఇంటిపేరు పుల్లంరాజు. ఊరు బూర్గుల. చివరికి ఊరే నిలిచింది, ఇంటిపేరు పోయింది. హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి గారికి లేని పట్టింపు మీకెందుకు?

సింహాచలం: అయితే ఫ్లాటు నంబరు 304 కూడా చేర్చు. ఉత్తరాలు తిన్నగా వస్తాయి.

(ఫోను మోగుతుంది. సింహాచలం గారు కళ్లజోడు వెతుకుతారు. అది నెత్తి మీదే ఉంది.)

సింహాచలం: వాడే. "నాన్నా, మేమే తేల్చేశాం. ఇంటిపేరు 'పాటి' అని రాస్తున్నాం. మనది వంకాయలపాటి, అత్తగారి వైపు ఉప్పలపాటి. ఇరువైపులా ఉన్నది అదే కాబట్టి ఎవరికీ అన్యాయం జరగదు."

పెంచలమ్మ: (చేతిలో కత్తిపీట వణికేలా నవ్వుతూ) ఉప్పు ఒక్కటే తక్కువ అన్నాడు మా మేనమామ! వియ్యాలవారు తెచ్చారు!

సింహాచలం: నువ్వు నవ్వుతున్నావు. వంకాయ పోయింది, ఉప్పు పోయింది, పాటి మిగిలింది. రేపు ఎవరైనా "మీరు ఏపాటి వారు?" అంటే పిల్ల ఏం చెబుతుంది?

పెంచలమ్మ: పాటి తక్కువ మాటేమీ కాదు. పూర్వం ఊరు ఉండి పాడుబడిన దిబ్బను పాటిదిబ్బ అంటారు. ఆ మట్టి పాటిమన్ను. బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. మంచి సత్తువ ఉంటుంది.

సింహాచలం: సత్తువ అంటే?

పెంచలమ్మ: ఎరువు.

సింహాచలం: (నెమ్మదిగా లేచి నిలబడి) పెంట వద్దన్నావు. ఎరువు మాత్రం ముద్దా?

(పెంచలమ్మ గారు నోరు తెరుస్తారు. ముప్పై ఏళ్ల వ్యాకరణం ఒక్క సూత్రమూ అందించదు. ఈలోపు ఫోను మళ్లీ మోగుతుంది.)

పెంచలమ్మ: ఈసారి ఎవరు?

సింహాచలం: కోడలు. "మామయ్య గారూ, ఇందాక మీరు పంపిన పేరు మా ఇద్దరికీ చాలా నచ్చింది..."

పెంచలమ్మ: ఏ పేరు? మీరు ఏం పంపారు?

సింహాచలం: (వినిపించనట్టు) "...పెంటా పాటి. చిన్నగా, ముద్దుగా ఉంది. నేను ఇక్కడే పుట్టి పెరిగాను కదా, ఇలాంటి మాటలు నాకు తెలియవు. ఆయనేమో మీ నాయనమ్మ గారి పేరు అని మాత్రం చెప్పి, అర్థం మిమ్మల్నే అడగమంటున్నారు. దాని అర్థం ఏమిటి?"

పెంచలమ్మ: చెప్పండి. దస్తావేజు రాసింది మీరే కదా!

సింహాచలం: (చాలాసేపు ఆలోచించి, ఒక్కొక్క అక్షరమే నొక్కుతూ) అయి...దు. గ్రీకు భాషలో.