దాచడం తర్వాత, ముందు సంతకం పెట్టండి

జీపీజీ అంటే మెయిళ్లకి డిజిటల్ సంతకం పెట్టే, వాటిని ఇతరులు చదవకుండా దాచే ప్రోగ్రాం. దాని పేరెత్తగానే అందరూ అనే మాట ఒకటే: "నా మెయిళ్లలో దాచుకునేంత గుట్టు ఏముందని?" ఆ మాట విన్నప్పుడల్లా నాకు నిజంగా బాధేస్తుంది. గుట్టు సంగతి అలా ఉంచండి. రేపు మీ పేరుతో ఇంకెవరో మెయిల్ రాస్తే ఏం చేస్తారు?

నాకు అదే జరిగింది. ఒక ఫైలు వెంటనే పంపమంటూ నా సహోద్యోగికి నా పేరుతో మెయిల్ వెళ్లింది. ఆయన నమ్మి పంపేశారు. ఆ మెయిల్ నేను రాయలేదని తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. ఆయన తప్పేమీ లేదు. మెయిల్‌లో పంపినవారి పేరు కవరు మీద రాసిన పేరు లాంటిది, ఎవరైనా రాయొచ్చు. 1982లో మెయిళ్లు పంపే పద్ధతి ఎస్ఎంటీపీ వచ్చినప్పుడు ఆ పేరు నిజమో కాదో చూసే ఏర్పాటే అందులో లేదు. తర్వాత వచ్చిన డీకిమ్, అంటే మెయిల్ సర్వర్ వేసే ముద్ర, కూడా డొమైన్‌కి (అడ్రస్‌లో @ తర్వాతి భాగానికి) పూచీ పడుతుంది తప్ప మనిషికి కాదు. మీ పాస్‌వర్డ్ దొంగ చేతిలో పడితే వాడు పంపే మెయిల్‌కీ డీకిమ్ ముద్ర పడుతుంది.

జీపీజీ సంతకం మీ దగ్గరే దాచుకునే డిజిటల్ తాళంచెవితో, అంటే ప్రైవేట్ కీతో పడుతుంది; దానికి జతగా అందరికీ ఇచ్చే పబ్లిక్ కీతో అవతలివారు తనిఖీ చేస్తారు. కమాండ్లు టైప్ చేసే టెర్మినల్‌లో జీపీజీ, రెండు అడ్డగీతలు, క్లియర్‌సైన్, ఫైలు పేరు. కీని కాపాడే పాస్‌వర్డ్, అంటే పాస్‌ఫ్రేజ్ ఇస్తే పని అయిపోయినట్టే. మెయిల్ మామూలుగానే కనిపిస్తుంది, అవతలివారి దగ్గర జీపీజీ లేకపోయినా చదువుకోవచ్చు. దారిలో ఒక్క కామా మారినా తనిఖీలో 'బ్యాడ్ సిగ్నేచర్' అని వస్తుంది. కొన్ని మెయిల్ ప్రోగ్రాములు పొడవాటి లైన్లను వాటంతటవే విరిచేసి మంచి సంతకాన్ని కూడా చెడగొడతాయి, కాబట్టి లైన్లు ముందే చిన్నవిగా రాసుకోండి. అప్పుడప్పుడు పెడితే మాత్రం లాభం లేదు. మీ ప్రతి మెయిల్‌కీ సంతకం ఉంటేనే, లేనిది వచ్చిన రోజు అవతలివారికి అనుమానం వస్తుంది.

చాలామంది పొరబడేది ఇంకొకటుంది. మెయిల్ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఇతరులు చదవలేని రూపంలో వచ్చింది కాబట్టి అసలు మనిషే పంపి ఉంటాడనుకుంటారు. కాదు! ఎన్‌క్రిప్ట్ చేసేది మీ పబ్లిక్ కీతో, అది లోకమంతటి దగ్గరా ఉంటుంది. సంతకం లేని ఎన్‌క్రిప్టెడ్ మెయిల్ ఎవరైనా రాయగలరు. అందుకే ఎన్‌క్రిప్ట్, సైన్ రెండూ కలిపి వాడండి. ఎవరికి రాస్తున్నారో, ఏ తేదీనో మెయిల్ లోపలే రాయండి. లేకపోతే అందుకున్నవారు దాన్ని విప్పి, మీ సంతకంతో సహా మూడో మనిషికి మళ్లీ ఎన్‌క్రిప్ట్ చేసి పంపొచ్చు, మీరే వాళ్లకి రాసినట్టు కనిపిస్తుంది. ఇలా టెర్మినల్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి పంపినప్పుడు సబ్జెక్ట్ లైన్ బయటే ఉంటుంది, అసలు విషయం అక్కడ రాయకండి. మీ సొంత కీని కూడా గ్రహీతగా చేర్చుకోండి, లేదంటే పంపిన మెయిల్‌ని మీరే చదవలేరు.

జీపీజీ కష్టమనే వాళ్లతో నాకు పేచీ లేదు. 1999లో 1.0 వెర్షన్ వచ్చిన ఈ టూల్ నేటికీ కొత్తవాళ్లని భయపెడుతుంది. పైగా ప్రైవేట్ కీ ఒకసారి దొంగల పాలైతే పాత ఎన్‌క్రిప్టెడ్ మెయిళ్లన్నీ తెరుచుకుంటాయి. రోజువారీ కబుర్లకి సిగ్నల్ లాంటి మెసేజింగ్ యాప్ మేలని నేనూ ఒప్పుకుంటాను. కానీ సంతకాల సంగతి వేరు. డెబియన్ అనే లైనక్స్‌లో అప్‌డేట్ నడిపిన ప్రతిసారీ తనిఖీ అయ్యేది ఓపెన్‌పీజీపీ సంతకమే, జీపీజీ పాటించే ప్రమాణం అదే. మన కంప్యూటర్లోకి వచ్చే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి ఉన్న పూచీ మన మాటకి ఎందుకు ఉండకూడదు?

అవతలివారి పబ్లిక్ కీ అసలుదో కాదో చూడకపోతే ఇదంతా వృథా. ప్రతి కీకీ ఫింగర్‌ప్రింట్ అనే గుర్తింపు ఉంటుంది. దాని చివరి ఎనిమిది అక్షరాలు కలిస్తే చాలనుకోకండి, అవి కలిసేలా ఇంకో కీ తయారు చేయడం మామూలు కంప్యూటర్‌కి కూడా పెద్ద పని కాదు. ఫింగర్‌ప్రింట్‌లోని 40 అక్షరాలూ చూడాలి. నేనూ ఆ సహోద్యోగీ ఫోన్‌లో ఒకరికొకరం చదివి వినిపించుకున్నాం, రెండు నిమిషాల్లో అయిపోయింది.

నా పబ్లిక్ కీ ఉన్నవాళ్లందరికీ ఒకటే మనవి. నా పేరుతో సంతకం లేకుండా ఫైలో డబ్బో అడుగుతూ మెయిల్ వస్తే ఏమీ పంపకండి. అర్ధరాత్రైనా సరే, ముందు నాకు ఫోన్ చేయండి.