లాకర్లో బంగారం, నెత్తిన పర్సనల్ లోన్

మాదాపూర్‌లో పర్సనల్ లోన్ తీసుకున్న ఉద్యోగిని ఎవరినైనా వడ్డీ ఎంత పడిందని అడిగి చూడండి. ‘నెలకు పదకొండు వేల ఆరొందలు’ అంటారు. అడిగింది వడ్డీ, చెప్పింది ఈఎంఐ, అంటే నెల కిస్తీ. అప్పు అమ్మేవాళ్లకు కావలసిందీ ఇదే. ఫోన్ చేసిన కుర్రాడు ‘నెలకెంతైతే కట్టగలరు సార్’ అనే మొదలుపెడతాడు. మీరో అంకె చెప్పగానే దానికి సరిపోయేదాకా గడువు సాగదీస్తాడు.

ఉదాహరణకు ఐదు లక్షల అప్పు, 14 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు. కిస్తీ సుమారు 11,634. మొదటి నెల అందులో 5,833 వడ్డీకే పోతుంది. రెండేళ్లు ఒక్క నెలా తప్పకుండా కడితే చేతి నుంచి వెళ్లేది 2.79 లక్షలు, అసలు తగ్గేది 1.6 లక్షలు. సరిగ్గా ఆ సమయానికే ‘టాపప్ కావాలా’ అని, అంటే పాత అప్పు మీదే ఇంకొంత ఇస్తామని మెసేజ్ వస్తుంది. తీసుకుంటే పాత బాకీ కూడా కొత్త గడువులో కలిసిపోతుంది, వడ్డీ ఎక్కువగా పోయే మొదటి నెలలు మళ్లీ మొదలవుతాయి. అదే అప్పును మొదట్లోనే మూడేళ్లకు పెట్టుకుంటే కిస్తీ 17,089 అవుతుంది, కష్టమే. కానీ మొత్తం వడ్డీ 1.98 లక్షల నుంచి 1.15 లక్షలకు దిగుతుంది. రేటులో అర శాతం తగ్గించుకోవడానికి నాలుగు బ్యాంకులు తిరిగేవాళ్లున్నారు. దానితో ఐదేళ్లలో మిగిలేది ఎనిమిది వేల లోపే. గడువు దగ్గర పోయే 83 వేల గురించి మాత్రం ఎవరూ అడగరు.

ఇక చేతికొచ్చే డబ్బు. రెండు శాతం ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 11,800. మీరు అడక్కుండానే అంటగట్టిన బీమా ఓ 9,200 అనుకుందాం. ఖాతాలో పడేది 4.79 లక్షలు, వడ్డీ కట్టేది ఐదు లక్షల మీద. 14 అనుకున్నది నిజానికి దాదాపు 16. ఈ నిజం రేటునే ఏపీఆర్ అంటారు. సంతకానికి ముందు ఇచ్చే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లో, అంటే అప్పు ముఖ్య వివరాల కాగితంలో, దాన్ని చూపించాలని 2024 అక్టోబర్ నుంచి ఆర్‌బీఐ నిబంధన. ‘పదే శాతం, ఫ్లాట్’ అన్నారంటే మరీ జాగ్రత్తపడాలి. ఎంత తీర్చినా వడ్డీ మొదటి అసలు మీదే వేస్తారు. మూడేళ్ల అప్పుకు అది తగ్గే బాకీ లెక్కన దాదాపు 18 శాతం.

కిస్తీ చిన్నదైతే ఊపిరాడుతుంది, వీలున్నప్పుడు ముందే తీర్చేయొచ్చు అనే వాదన ఉంది. బోనస్ రాగానే బాకీకి జమచేసే మనిషికి అది నిజమే. అయితే పర్సనల్ లోన్లు ఎక్కువగా ఫిక్స్‌డ్ రేటువి, అంటే గడువంతా రేటు మారదు. 2025లో రెపో (బ్యాంకులకు ఆర్‌బీఐ ఇచ్చే అప్పు మీద రేటు) 6.5 నుంచి 5.25కి దిగినా ఆ కిస్తీల్లో రూపాయి తగ్గలేదు. 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే రుణాలకు ముందస్తు చెల్లింపు ఛార్జీ ఎత్తేసిందీ, వ్యక్తుల విషయంలో, ఫ్లోటింగ్ (మధ్యలో రేటు మారే) రుణాలకే. ఫిక్స్‌డ్ వాళ్లు ఒప్పందంలో ఏముందో చదువుకోవాల్సిందే.

నాకు అసలు మింగుడుపడనిది వేరే ఉంది. ఇలా అప్పు చేసిన ఎన్ని ఇళ్లలో బంగారం లాకర్లో మూలుగుతోంది? కూకట్‌పల్లిలో ఒకే బ్రాంచికి లాకర్ అద్దె కట్టి, అదే బ్రాంచిలో పూచీ లేని అప్పుకు 14 శాతం కట్టే సంసారాలు ఎన్నో. తులం లక్ష దాటిన రోజుల్లో పది తులాల మీద ఐదు లక్షలు సులువుగా పుడతాయి. ప్రభుత్వ బ్యాంకుల్లో రేటు కూడా సాధారణంగా బాగా తక్కువ. పది శాతం లెక్కేసినా, ఏటా తిరగరాయించుకోవాల్సి వచ్చినా, ఇలాగే అసలు కూడా నెలనెలా తీరుస్తూ పోతే ఐదేళ్లలో 60 వేల వడ్డీ తగ్గుతుంది.

అయినా కుదువ పెట్టరు. కుదువ అంటే నామోషీ, ‘ప్రీ అప్రూవ్డ్’ (అడక్కముందే మంజూరైంది) అంటే గౌరవం. శ్రావణమాసం పెళ్లిలో మెడలో హారం కనిపించకపోతే ‘ఏమైంది వదినా, బోసిగా ఉన్నావు’ అనే ఒక్క మాటకు భయపడి ఐదేళ్లు వడ్డీ కడతాం. మన మధ్యతరగతి ఖర్చుల్లో సగం ఇలాంటి మాటల భయంతో పెట్టేవే: ఫంక్షన్ హాలు, ప్లేటు లెక్కన భోజనాలు, స్థాయికి మించిన స్కూలు. వాటికి అప్పు చేస్తాం, ఆ అప్పు బయటపడకూడదని ఇంకా ఖరీదైన అప్పు చేస్తాం.

కిస్తీ తప్పితే నగ వేలానికి పోతుందన్న భయం న్యాయమైనదే. పుస్తెలతాడు తాకట్టు పెట్టమని నేనూ అనను. కానీ పర్సనల్ లోన్ తప్పితే సిబిల్ స్కోరు (అప్పులు సరిగా తీరుస్తామో లేదో బ్యాంకులు చూసే మార్కు) పోతుంది, రికవరీ ఏజెంటు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌తో పేరు చెప్పించుకుని మరీ గుమ్మం ఎక్కుతాడు. అదేం పరువో ఎవరైనా చెప్పాలి.