టైమౌట్ తొడిగినంత మాత్రాన పని ఆగదు: ఆ ‘30 సెకన్ల’ సలహాకు ఖండన

బెంగళూరులో మన తెలుగు డెవలపర్ల గ్రూపుల్లో ఒక సలహా చేతులు మారుతూ తిరుగుతోంది. సారాంశం ఇది: “ప్రతి అవెయిట్‌కీ (ఫలితం కోసం కోడ్ ఎదురుచూసే ప్రతి చోటుకీ) 30 సెకన్ల టైమౌట్, అంటే ఎదురుచూపుకి గడువు, తొడగండి. 30 సెకన్లు ఎక్కడైనా సేఫ్. టైమౌట్ అయితే ఆ పని రద్దయిపోతుంది, కాబట్టి ధైర్యంగా మూడుసార్లు రీట్రై చేయండి. ఎక్కడైనా పనుల వరస ముందువెనకలైతే మధ్యలో రెండు సెకన్ల స్లీప్ పెట్టండి. ఇక మీ సర్వీసు ఎప్పటికీ హ్యాంగ్ అవ్వదు.” కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు దీన్ని ఉన్నదున్నట్టు కోడ్‌లోకి దించుకుంటున్నారు. ఇందులో దాదాపు ప్రతి వాక్యం తప్పే. ఒక్కొక్కటిగా చూద్దాం.

“టైమౌట్ అయితే ఆ పని రద్దయిపోతుంది.”

అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ఇదే. టైమౌట్ చెప్పేది ఒక్కటే: మనం ఎదురుచూడటం మానేశాం అని. అవతల పని ఆగిందా, సగంలో ఉందా, పూర్తయిందా అన్నది దానికి తెలియదు.

జావాస్క్రిప్ట్‌లో చాలామంది ప్రామిస్ రేస్ (ముందు ముగిసినదాని ఫలితమే తీసుకునే పద్ధతి) వాడి, నెట్‌వర్క్ నుంచి డేటా తెచ్చే ఫెచ్‌కీ టైమర్‌కీ పందెం పెడతారు. టైమర్ గెలిచినా ఫెచ్ ఆగదు. కనెక్షన్ అలాగే తెరిచి ఉంటుంది, డేటా వస్తూనే ఉంటుంది, దాన్ని చూసే నాథుడు మాత్రం ఉండడు. నిజంగా ఆపాలంటే అబార్ట్ కంట్రోలర్ సిగ్నల్‌ని ఫెచ్‌కి అందించాలి. అబార్ట్‌సిగ్నల్ టైమౌట్ అనే చిన్న దారి కూడా ఉంది. ఇక్కడ ఇంకో పొరపాటు జరుగుతుంది. హెడర్లు రాగానే ఫెచ్ ప్రామిస్ తీరిపోతుంది. అక్కడే టైమర్ తీసేస్తే, బాడీ చదివే భాగానికి కాపలా ఉండదు. బాడీ మొత్తం చదివాకే ఫైనల్లీలో (పని ఎలా ముగిసినా చివర నడిచే బ్లాక్‌లో) టైమర్ తీయండి. అసలు తీయకపోతే నోడ్‌లో ఇంకో తంటా: పని ఎప్పుడో అయిపోయినా, ఆ 30 సెకన్లు గడిచేదాకా స్క్రిప్ట్ ముగియదు.

పైథాన్‌లో పరిస్థితి కొంత మెరుగు. ఎసింక్ పనులు నడిపే ఎసింక్‌ఐఓ లైబ్రరీలోని వెయిట్ ఫర్, గడువు దాటగానే లోపలి టాస్క్‌కి క్యాన్సిల్ పంపుతుంది, ఆ టాస్క్ నిజంగా ముగిసేదాకా కూడా ఆగుతుంది. అంటే లోపలి ఫైనల్లీలో కనెక్షన్ మూయడానికి నాలుగు సెకన్లు పడితే, మీ ‘రెండు సెకన్ల’ టైమౌట్ ఆరు సెకన్లు పడుతుంది. ఆ క్యాన్సిల్‌ని మోసుకొచ్చే క్యాన్సిల్డ్ ఎర్రర్‌ని ఎవరైనా మధ్యలో మింగేస్తే క్యాన్సిల్ అక్కడే చచ్చిపోతుంది. 3.8 వెర్షన్ నుంచి అది బేస్ ఎక్సెప్షన్ కింద ఉంది కాబట్టి మామూలు ఎక్సెప్ట్ ఎక్సెప్షన్‌కి దొరకదు. ఏ పేరూ రాయని ఒట్టి ఎక్సెప్ట్‌కి మాత్రం దొరికిపోతుంది. అలా పట్టుకుంటే శుభ్రం చేసుకుని మళ్లీ రైజ్ చేసి తీరాలి. 3.11లో వచ్చిన ఎసింక్‌ఐఓ టైమౌట్ బ్లాక్ వాడేవాళ్లు టైమౌట్ ఎర్రర్‌ని ఆ బ్లాక్ బయటే పట్టుకోవాలి. లోపల ఉన్నంతసేపూ కనిపించేది క్యాన్సిల్డ్ ఎర్రరే.

థ్రెడ్‌లో పెట్టిన పనికి ఇవేవీ వర్తించవు. టు థ్రెడ్‌తో పంపిన పాత లైబ్రరీ కాల్‌కి టైమౌట్ అయితే మన అవెయిట్ తిరిగొస్తుంది, థ్రెడ్ మాత్రం అక్కడే ఇరుక్కుని ఉంటుంది. ఇలాంటి పనులు చేసే థ్రెడ్ల డిఫాల్ట్ పూల్ సైజు ప్రాసెసర్ కోర్ల సంఖ్యకి నాలుగు కలిపినంత, గరిష్ఠం 32. రెండు కోర్ల మెషిన్‌లో ఆరు. ఆరు కాల్స్ ఇరుక్కుంటే ఏడోది క్యూలో నిలబడి, అసలు మొదలవకుండానే టైమౌట్ అవుతుంది. లాగులో మాత్రం ‘అవతలి సర్వర్ స్లో’ అని కనిపిస్తుంది. కాబట్టి ఆ లైబ్రరీ సాకెట్‌కే టైమౌట్ పెట్టాలి, పైన తొడిగితే చాలదు.

డేటాబేస్ సంగతీ ఇంతే. పోస్ట్‌గ్రెస్‌లో స్టేట్‌మెంట్ టైమౌట్ డిఫాల్ట్ విలువ సున్నా, అంటే హద్దు లేదు. యాప్ మూడు సెకన్లకి వదిలేసినా, డ్రైవర్ క్యాన్సిల్ పంపకపోతే క్వెరీ లాకులు పట్టుకుని నడుస్తూనే ఉండొచ్చు. యాప్ గడువు మూడు సెకన్లైతే డేటాబేస్‌లో 2500 మిల్లీసెకన్లు పెట్టండి, ముందు అక్కడే తెగాలి.

“30 సెకన్లు ఎక్కడైనా సేఫ్.”

లెక్క వేద్దాం. సెకనుకి 50 రిక్వెస్టులు వస్తున్నాయి, ఒక్కోటి మామూలుగా 200 మిల్లీసెకన్లలో అయిపోతుంది. ఏ క్షణంలో చూసినా చేతిలో ఉండేవి దాదాపు పది. అవతలి సర్వీసు బిగుసుకుపోయి ప్రతిదీ 30 సెకన్లు వేలాడితే, చేతిలో ఉండేవి 1500. కనెక్షన్ పూల్‌లో (వాడుకోవడానికి తెరిచి ఉంచిన కనెక్షన్లలో) ఉన్నవి ఇరవై అనుకుంటే, సెకనుకి ఒక్క రిక్వెస్టు కూడా కదలదు. హ్యాంగ్ కాకూడదని పెట్టిన అంకే హ్యాంగ్ తెచ్చింది.

అంకెని కొలిచి పెట్టాలి. వెయ్యిలో 999 రిక్వెస్టులు 800 మిల్లీసెకన్లలోపు వస్తుంటే, ఒకటిన్నర నుంచి రెండు సెకన్లతో మొదలుపెట్టండి. కనెక్ట్‌కి వేరు, రీడ్‌కి వేరు, పూల్‌లో వేచి ఉండటానికి వేరు. లైనక్స్‌లో, కనెక్షన్ మొదలుపెట్టే మొదటి ఎస్‌వైఎన్ ప్యాకెట్ పోతే మామూలుగా ఒక సెకను తర్వాత మళ్లీ పంపుతుంది. కనెక్ట్ టైమౌట్ సరిగ్గా ఒక సెకను పెడితే, పోయిన ఒక్క ప్యాకెట్‌కి కోలుకునే అవకాశమే ఇవ్వనట్టు.

ఇంకా ముఖ్యం: ఈ విడి అంకెల పైన, మొత్తం పనికి గడువు ఒక్కటే ఉండాలి, ప్రతి అడుగుకీ కొత్తది కాదు. శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఊరికి బస్సు ఉందనుకోండి. బెళ్లందూరు నుంచి బయల్దేరినవాళ్లు మారతహళ్లి దగ్గర నలభై నిమిషాలు పోగొట్టుకుంటే, అక్కణ్ణుంచి మళ్లీ గంట టైముందని అనుకోరు కదా, మిగిలినదాన్నే చూసుకుంటారు. సర్వీసులూ అంతే. సర్వీసులు ఒకదాన్నొకటి పిలుచుకోవడానికి వాడే జీఆర్‌పీసీ తన హెడర్‌లో మిగిలిన సమయాన్నే పంపగలదు. మామూలు హెచ్‌టీటీపీలో సొంత హెడర్ పెట్టి మిగిలిన మిల్లీసెకన్లు పంపండి. ‘ఫలానా గంటకి’ అని పంపొద్దు, రెండు మెషిన్ల గడియారాలు కలవవు. ఒకే ప్రాసెస్ లోపలైతే ఎప్పుడూ వెనక్కి జరగని మోనోటానిక్ క్లాక్ వాడండి, గోడ గడియారం ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

“ధైర్యంగా మూడుసార్లు రీట్రై.”

గేట్‌వే, ఆర్డర్ సర్వీసు, డేటాబేస్ లేయర్ మూడింటిలోనూ మూడేసి రీట్రైలు ఉంటే, ఒక్కోచోట నాలుగు ప్రయత్నాలు: 4×4×4, డేటాబేస్ మీద 64 దెబ్బలు. అసలే లోడ్ తట్టుకోలేక ఆగిన డేటాబేస్ అది. మూలిగే నక్క మీద తాటికాయ అంటే ఇదే. రీట్రై ఒక్క లేయర్‌లోనే ఉండాలి. ఆగే సమయం 200 మిల్లీసెకన్లతో మొదలై రెట్టింపవుతూ ఐదు సెకన్ల దగ్గర ఆగాలి. ప్రతిసారీ సున్నాకీ ఆ అంకెకీ మధ్య యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, లేకపోతే అందరూ ఒకేసారి తలుపు తడతారు. మొత్తం రిక్వెస్టుల్లో రీట్రైలు పది శాతం దాటితే ఆపేయడం మంచి మొదటి హద్దు.

చదివే కాల్ అయితే పర్వాలేదు. డబ్బు కదిలే కాల్‌కి ఈ సలహా పాపమే. టిఫిన్ సెంటర్‌లో యూపీఐ చేసి స్క్రీన్ తిరుగుతూ ఉండిపోతే మనం వెంటనే మళ్లీ కొట్టం, ముందు కట్టిందో లేదో చూస్తాం. కోడ్ కూడా అదే చేయాలి: టైమౌట్ అయితే ‘ఫెయిల్’ అని రాయకండి, ‘తెలియదు’ అని రాసి స్టేటస్ అడగండి. మళ్లీ పంపాల్సి వస్తే ఐడెంపొటెన్సీ కీ (ఇది పాత రిక్వెస్టే అని సర్వర్ గుర్తుపట్టే గుర్తు) ఉండాలి, ఆ కీని రీట్రై లూప్ బయట ఒక్కసారే తయారుచేయాలి. లూప్ లోపల చేస్తే ప్రతి ప్రయత్నానికీ కొత్త కీ, అంటే ప్రతిదీ కొత్త పేమెంటే. సర్వర్ వైపు ఆ కీ దాచే కాలమ్‌కి యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండోసారి చేరనివ్వని నియమం) లేకపోతే, ఒకేసారి వచ్చిన రెండు రిక్వెస్టులు రెండూ దాటిపోతాయి.

“మధ్యలో రెండు సెకన్ల స్లీప్.”

అది మీ ల్యాప్‌టాప్‌లో పనిచేసి, లోడ్ పెరిగిన రోజు తప్పుతుంది. ఏది జరగాలని ఎదురుచూస్తున్నారో దానికే ఈవెంట్ పెట్టి, ఆ ఎదురుచూపుకి గడువు పెట్టండి. పైథాన్ ఎసింక్ ఫంక్షన్‌లో పొరపాటున టైమ్ మాడ్యూల్ స్లీప్ పిలిస్తే, ఎసింక్ పనులన్నిటినీ వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్ మొత్తం నిద్రపోతుంది. లూప్ నిద్రలో ఉంటే టైమౌట్లు కూడా మోగవు: ఎనిమిది సెకన్లు లూప్‌ని పట్టుకున్న జేసన్ పార్సింగ్ పక్కన, రెండు సెకన్ల టైమౌట్ ఎనిమిదో సెకనులోనే మోగుతుంది. ఎసింక్‌ఐఓ డీబగ్ మోడ్ ఆన్ చేస్తే, 100 మిల్లీసెకన్లు దాటి లూప్‌ని పట్టుకున్న కాల్‌బ్యాక్‌లని పేరుతో సహా లాగులో చూపిస్తుంది.

“ఇక ఎప్పటికీ హ్యాంగ్ అవ్వదు.”

నమ్మేముందు రెండు నకిలీ సర్వర్లు రాసి చూడండి, ఒక్కోటి ఇరవై లైన్లు కూడా కాదు. మొదటిది కనెక్షన్ తీసుకుని ఏమీ పంపదు. రెండోది సెకనుకి ఒక్క బైట్ చొప్పున పంపుతూనే ఉంటుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఐదు సెకన్ల టైమౌట్ పెట్టి మొదటిదాన్ని పిలిస్తే ఐదు సెకన్లకి ఎర్రర్ వస్తుంది. రెండోదాన్ని పిలిస్తే రాదు, ఎందుకంటే అక్కడి రీడ్ టైమౌట్ లెక్కించేది బైట్లు రాకుండా గడిచిన విరామాన్ని, మొత్తం సమయాన్ని కాదు. మీ క్లయింట్ ఆ రెండో సర్వర్ నుంచి గడువులోపు బయటపడకపోతే, మొత్తం కాల్‌కి విడిగా డెడ్‌లైన్ పెట్టి, మళ్లీ అదే సర్వర్ మీద నడపండి.