‘ఉంది’కీ ‘ఉండాలి’కీ మధ్య కొన్ని కణాలు

పోయిన ఏడాది శ్రీకాకుళంలో ఒక డిగ్రీ కళాశాల గోడపత్రిక కోసం పిల్లలు రాసినవి దిద్దుతున్నాను. ‘ఆక్సియాన్ ఒక మౌలిక కణం. అది చాలా తేలికైనది’ అని ఒకమ్మాయి రాసింది. దొరికిందా అని అడిగాను. ‘లేదు సార్, ఇంకా ఎతుకుతున్నారు’ అంది. పక్కనున్న కుర్రాడు అందుకున్నాడు: ‘దొరకనిదానికి పేరేటి సార్? ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!’

అందరం నవ్వాం. కానీ ఆ అమ్మాయి వాక్యంలో తప్పు పేరుది కాదు. తెలుగులో ‘అది కణం’ అంటే వాక్యం పూర్తయిపోతుంది, క్రియే అక్కర్లేదు. ఆ సదుపాయమే ఇక్కడ కొంప ముంచింది. రావలసిన ‘ఉంటే’ ఎక్కడో జారిపోయింది, జారిందని కూడా తెలియలేదు.

కనబడనిదానికి పేరు పెట్టడం పిచ్చిపని కాదని పలాస వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. అక్కడ జీడిపిక్కల బస్తా 80 కిలోలు. పిక్కలు కాల్చి, పగలగొట్టి, పప్పూ తొక్కా పొట్టూ విడివిడిగా తూచి కలిపితే 80 రాదు. తేమ పోయిందంటారు. పోతుంటే ఎవరూ చూడలేదు, కాటా చెప్పింది. 1930 డిసెంబరులో భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ చేసిందీ ఇలాంటిదే. పరమాణు కేంద్రకం ఎలక్ట్రాన్‌ను బయటికి విసరడాన్ని బీటా క్షయం అంటారు. అందులో బయటికొచ్చే ఎలక్ట్రాన్ శక్తి లెక్కకు తగ్గుతోంది, అదీ ఒక్కోసారి ఒక్కోలా. శక్తి పుట్టదు, నశించదు అనే శక్తి నిత్యత్వమే ఇక్కడ చెల్లదేమో అనేదాకా వెళ్లాడు నీల్స్ బోర్. విద్యుదావేశం లేని కణమొకటి మిగతాది పట్టుకుపోతోందన్నాడు పౌలీ. దానికి ఆయన పెట్టిన పేరు న్యూట్రాన్. 1932లో చాడ్విక్ కనిపెట్టిన బరువైన కణం ఆ పేరును తన్నుకుపోయింది. పౌలీ కణం ఫెర్మీ దగ్గర న్యూట్రినోగా స్థిరపడింది. ప్రయోగానికి చిక్కింది 1956లో. అంటే 26 ఏళ్లపాటు అది ‘ఉండాలి’ అనే ఒక్క క్రియ మీద బతికింది. మధ్యలో పేరు మారినా దానికేమీ కాలేదు.

అందుకే పరిభాష మీద మనవాళ్లు పడే తగువుల్లో పేర్ల తగువు నాకు చిన్నదిగానే కనిపిస్తుంది. పాఠ్యపుస్తకంలో అణువంటే మాలిక్యూల్, పరమాణువంటే ఆటమ్, దాని నడుమ ఉన్నది కేంద్రకం. ఆ లెక్కన రణస్థలం మండలం కొవ్వాడలో తలపెట్టింది ‘కేంద్రక విద్యుత్ కేంద్రం’ కావాలి. పత్రికలూ ప్రభుత్వమూ వద్దన్నవాళ్లూ అందరూ ‘అణు’ అనే అన్నారు, ఎవరూ తికమకపడలేదు. (ఆ ఆరు రియాక్టర్లు కూడా ఏళ్ల తరబడి ‘కడతాం’ దగ్గరే ఉన్నాయి. అది వేరే కథ.) ఆక్సియాన్ అయితే ఒక బట్టల సబ్బు బ్రాండు పేరు. మొత్తమ్మీద సున్నా అయినా, న్యూట్రాన్ లోపలి విద్యుదావేశం కాస్త ఒక పక్కకు ఒరగడానికి సిద్ధాంతంలో వీలుంది, ప్రయోగాల్లో ఆ ఒరుగు కనబడదు. ఈ మరకను కడిగేస్తుందని ఫ్రాంక్ విల్చెక్ సబ్బు పేరు పెట్టాడు. దాన్ని సంస్కృతంలోకి మార్చి ఏం బావుకుంటాం?

ఒక్కచోట మాత్రం జాగ్రత్త పడాలి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. ఆ ఒడిశాలోని బారిపదలో పుట్టిన జోగేశ్ పతి, అబ్దుస్ సలాంతో కలిసి 1974లో ప్రోటాన్, న్యూట్రాన్ల లోపల ఉండే క్వార్కులు కూడా ఇంకా చిన్న ముక్కలతో తయారై ఉండొచ్చన్నాడు. ఆ ముక్కల పేరును మనం ‘ప్రియాన్’ అని రాస్తే పశువైద్యుడికి పిచ్చి ఆవు జబ్బు తెచ్చే ప్రొటీన్ గుర్తొస్తుంది. ‘ప్రీయాన్’ అని దీర్ఘమిస్తే సరిపోతుంది.

నా పేచీ అంతా ‘ఊహాకణం’ అనే మాటతో. ఉండితీరాలన్నదానికీ, ఉంటే బాగుణ్ననిపించేదానికీ, ఉండకూడదని ఎక్కడా లేదు కదా అన్నదానికీ ఒకే బిళ్ల తగిలిస్తుంది. ఉత్తరమో దక్షిణమో ఒక్కటే ఉండే ఒంటి అయస్కాంత ధ్రువం విషయంలో 1931లో డిరాక్ అన్నది ‘ఉంటే’: విశ్వంలో ఎక్కడో ఒక్కటున్నా చాలు, విద్యుదావేశం ఎప్పుడూ నిర్ణీత మోతాదుల్లోనే ఎందుకుంటుందో తేలిపోతుంది. 1982 ఫిబ్రవరి 14న స్టాన్‌ఫర్డ్‌లో బ్లాస్ కాబ్రెరా పరికరంలో అచ్చం అలాంటి సంకేతం ఒక్కటి వచ్చింది. మళ్లీ రాలేదు. దీనికి మన భాషలో అమరిన ముక్క ‘ట’. దొరికిందట. ఆ ఒక్క అక్షరం పెట్టడానికి శాస్త్ర వార్తలు రాసేవాళ్లకు నామోషీ ఎందుకో!

టాకియాన్‌ది ఇంకో దారి. కాంతిని మించి పరుగెత్తే కణాన్ని సాపేక్ష సిద్ధాంతం నిషేధించలేదని 1962లో కేరళకు చెందిన సుదర్శన్, మరో ఇద్దరూ వాదించారు. పేరు 1967లో ఫైన్‌బర్గ్ పెట్టాడు. ఇప్పుడు లెక్కల్లో టాకియాన్ తగిలితే సిద్ధాంతకారులు సంబరపడరు. తాము నిలకడైనదనుకున్న శూన్యస్థితి నిలకడైనది కాదని గ్రహించి లెక్క సరిచేసుకుంటారు. పేరు అదే, దాని పని మారిపోయింది.

చివరికి ఆ అమ్మాయి వాక్యం ఇలా తేలింది: ‘ఆక్సియాన్ ఉంటే, అది చాలా తేలికైన కణం అయి ఉండాలి.’ కాగితం చేత్తో పట్టుకుని వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. ‘మరి గ్రావిటాన్‌కి ఏటి రాయాలి సార్?’ గురుత్వ తరంగాలు 2015 సెప్టెంబరులోనే చిక్కాయి, ‘ఉన్నాయి’ అని రాసెయ్ అన్నాను. ఆ తరంగాల తునకగా అనుకునే గ్రావిటాన్ కణం ఒక్కటీ విడిగా చిక్కలేదు. లేదని తేలితే మాత్రం నాకే నమ్మబుద్ధి కాదు. ‘ఉండకపోదు’ అని రాయమన్నాను. గోడమీద అదే పడింది.