మొర్రికి గ్రహణం పేరు, తల్లికి నింద

పుట్టుకతోనే పెదవి చీలి ఉంటే దాన్ని మన భాష ‘గ్రహణం మొర్రి’ అంటుంది. గ్రహణం రోజున కూడా తలుపులు మూయని శ్రీకాళహస్తి ఆలయం ఉన్న తిరుపతి జిల్లాలోనే, ఆ కొద్ది గంటలూ గర్భిణిని కత్తిపీట ముట్టనివ్వకుండా గదిలో కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. బిడ్డలో లోపం కనిపిస్తే, ఆ రోజు ఏం చేశావని నిలదీసేది తల్లినే.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో 2005 నుంచి 2009 వరకు జరిగిన 2.7 లక్షల కాన్పులను పరిశోధకులు పరిశీలించగా 5,504 మంది బిడ్డల్లో పెద్ద లోపాలు బయటపడ్డాయి. వారిలో కారణం కచ్చితంగా తేలింది ఐదో వంతు మందికే, అందులోనూ అత్యధికం క్రోమోజోముల, జన్యువుల మార్పులే. తల్లి ఏం తరిగిందన్న ప్రశ్నకు ఇక్కడ చోటే లేదు.

మేనరికం మాటా ఎత్తక తప్పదు. మేనమామకూ మేనకోడలికీ జన్యువుల్లో సుమారు నాలుగో వంతు ఉమ్మడి కాబట్టి, ఇద్దరిలోనూ దాగి ఉన్న ఒకే లోపం బిడ్డలో కలిసే అవకాశం పెరుగుతుంది. అయినా ఇలాంటి దంపతుల బిడ్డల్లో ఎక్కువమంది ఆరోగ్యంగానే పుడతారు. ప్రతి లోపాన్నీ మేనరికం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం గ్రహణం నమ్మకానికి తోబుట్టువే.

తిరుపతిలో చికిత్సకు కొరత ఉందనలేం. ఎముకల లోపాలకు బర్డ్ ఆసుపత్రి ఉంది, పసిగుండెల కోసం 2021లో టీటీడీ ప్రత్యేక ఆసుపత్రినే తెరిచింది. నా అసంతృప్తి కారణాన్ని వెతకడం దగ్గరే. అయిదో నెలలో తీసే టిఫా స్కాన్ అవయవం ఆకారాన్ని చూపుతుంది గానీ, అది ఎందుకలా తయారైందో చెప్పదు. బిడ్డ దక్కకపోతే దుఃఖంలో ఆ సాయంత్రమే పూడ్చిపెడతారు, జన్యు పరీక్షకు నమూనా మిగలదు. రెండో గర్భంతో ఆ తల్లి వచ్చేసరికి డాక్టరు చేతిలో ‘గుండె లోపం’ అన్న రెండు ముక్కలే ఉంటాయి. తల్లిదండ్రులిద్దరూ ఒకే లోపపు జన్యువును మోస్తున్నట్లయితే ప్రతి కాన్పులోనూ ఆ జబ్బు వచ్చే అవకాశం 25 శాతం. జన్యువు ఏదో ముందే తెలిస్తే మూడో నెలలోనే మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించవచ్చు.

అందుకే లోపంతో పుట్టి దక్కని ప్రతి బిడ్డ విషయంలోనూ, తల్లిదండ్రులు ఒప్పుకుంటే, బొడ్డుతాడు రక్తం కొద్దిగా తీసి భద్రపరచడం కాన్పుల వార్డు పనిలో భాగం కావాలి. అది అడగాల్సింది కూడా బిడ్డను కుటుంబం చేతికి అప్పగించే ముందే.