ఒక్కడినే నలుగురి పని చేస్తానన్న ట్యూబ్ హెడ్ గారికి

మహారాజశ్రీ నాలుగు ఛానెళ్ల, వంద వాట్ల ట్యూబ్ యాంప్ హెడ్ గారికి,

గిటార్ శబ్దాన్ని గాజు ట్యూబ్‌లతో పెంచి, విడిగా ఉండే స్పీకర్ పెట్టెకి అందించే ఉద్యోగానికి మీరు పెట్టుకున్న దరఖాస్తు అందింది. దరఖాస్తు అనడం కన్నా ఆత్మకథ అంటే సరిపోతుందేమో. ముందు ప్యానెల్ మీద రెండు వరుసల నాబ్‌లు, వెనక ప్యానెల్ నిండా సాకెట్లు, అన్నీ చదివేసరికే పొద్దుపోయింది. ఒక్కో రకం శబ్దానికి ఒక్కో ఛానెల్: స్వచ్ఛంగా పలికే క్లీన్, కాస్త గరగరలాడే క్రంచ్, బాగా చీలిన శబ్దంతో లీడ్ 1, లీడ్ 2. జాజ్ నుంచి మెటల్ దాకా ఏ పని చెప్పినా చేస్తారట. మీరొస్తే ఇక జన్మలో ఇంకో యాంప్ అక్కర్లేదట. మీకన్నా ముందు దరఖాస్తు పెట్టుకున్నవాళ్లూ అచ్చం ఇలాగే రాశారండీ. వాళ్లలో చాలామంది ఇప్పుడు ‘కొద్దిగా వాడినది, కండిషన్ సూపర్’ అన్న ప్రకటనల్లో కొత్త యజమాని కోసం ఎదురుచూస్తున్నారు. అందుకని ఉద్యోగం ఖాయం చేసేముందు కొన్ని సంగతులు తేల్చుకుందాం.

మీ వంశం గురించి కాస్త వాకబు చేశాను, ఏమనుకోకండి. 1959 నాటి ఫెండర్ బేస్‌మ్యాన్ మీ తాతగారు. పేరే చెబుతోంది, ఆయన్ని పుట్టించింది బేస్ గిటార్ కోసమని. ఆ కంపెనీ పెట్టిన లియో ఫెండర్‌కి అసలు గిటార్ వాయించడమే రాదు. 1960ల మొదట్లో లండన్‌లో జిమ్ మార్షల్ మనుషులు ఆ సర్క్యూట్‌నే ముందు పెట్టుకుని, తమకు దొరికే భాగాలతో జేటీఎం45 కట్టారు. 1970ల మొదట్లో కాలిఫోర్నియాలో రాండాల్ స్మిత్ ఫెండర్ తరహా సర్క్యూట్‌కి ఇంకో గెయిన్ స్టేజ్ (సిగ్నల్‌ని మరింత పెంచే దశ) తగిలించి దాన్ని బూగీ అన్నాడు. 1987లో మైక్ సోల్డానో ఎస్‌ఎల్‌ఓ-100తో ఆ గెయిన్‌ని మరో మెట్టు ఎక్కించాడు. ఇంత దగ్గరి చుట్టరికం పెట్టుకుని మీరు ప్యానెల్ మీద ఒక పక్క ‘అమెరికన్ క్లీన్’ అని, ఇంకో పక్క ‘బ్రిటిష్ క్రంచ్’ అని రాసుకుని రెండు దేశాల పాస్‌పోర్టులు చూపిస్తుంటే నవ్వాగడం లేదు.

అన్నట్టు, మీ తాతల కాలంలో ఛానెల్ అంటే కాలితో నొక్కి మార్చేది కాదు. రెండు ఛానెళ్లకీ విడివిడిగా ఇన్‌పుట్‌లుండేవి. ఇద్దరు మనుషులు రెండు వాయిద్యాలు తెచ్చుకుని ఒకే యాంప్‌లో గుచ్చుకోవచ్చు. మరి గిటారిస్టులు ఏం చేశారు? జానెడు కేబుల్ ముక్కతో ఆ రెండు ఛానెళ్లనీ కలిపేసి ఒక్క గిటార్‌కే వాడుకున్నారు. ఉన్న రెండింటినీ ఒకటి చేసుకున్న జాతి మాది. ఇప్పుడు అదే జాతి, మనిషికి నాలుగు ఛానెళ్లు లేకపోతే ఎలా బతకడం అని టెన్షన్ పడుతోంది.

సరే, అసలు విషయానికొస్తాను. నాలుగు ఛానెళ్లని పెద్ద అక్షరాలతో రాసుకున్న మీరు, క్రంచ్‌కీ రెండు లీడ్‌లకీ కలిపి ట్రెబుల్, మిడిల్, బేస్ (పై, మధ్య, కింది స్థాయి శబ్దాల) నాబ్‌లు ఒకే సెట్ అన్న సంగతి మాత్రం భూతద్దం పెడితేగానీ కనిపించనంత చిన్నగా రాశారు. మీ తమ్ముడు, ఆ రెండు ఛానెళ్లాయన, మరీ ఘోరం. క్లీన్‌కీ లీడ్‌కీ కలిపి మూడే నాబ్‌లు. ఒకరికి ఫ్యాన్ కావాలి, ఇంకొకరికి దుప్పటి కావాలి, గది మాత్రం ఒకటే. క్లీన్‌కి నిండైన బేస్, కొంచెం లోతుకు దిగిన మిడిల్, పైన మెరుపు ఉంటే అందం. అవే సెట్టింగులతో లీడ్ నొక్కితే చెవిలో గాజుపెంకులు, గుండెల్లో గుడగుడ. లీడ్‌కి సరిచేసి మళ్లీ క్లీన్‌కి వస్తే కంబళి కప్పుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

ఇది మీ తప్పని కూడా అనలేను. గెయిన్ ముందా, టోన్ నాబ్‌లు ముందా అన్న వరుసలోనే ఉంది కిటుకంతా. బేస్ నిండుగా ఉన్న సిగ్నల్‌ని బోలెడు గెయిన్‌లోకి తోస్తే కార్డ్ (ఒకేసారి మీటిన కొన్ని స్వరాలు) కార్డ్‌లా వినిపించదు, బురదలా వినిపిస్తుంది. కాబట్టి డిస్టార్షన్‌కి (గెయిన్ ఎక్కువై శబ్దం చీలడానికి) ముందే బేస్ తగ్గించాలి, కావాలంటే తర్వాత కలుపుకోవాలి. బూగీ మార్క్ సిరీస్‌లో టోన్ నాబ్‌లు గెయిన్ కన్నా ముందుంటాయి. అందుకే ఆ యాంప్‌లు తెలిసినవాళ్లు లీడ్‌లో బేస్ నాబ్‌ని దాదాపు సున్నా దగ్గర పెట్టి, చివర్లో గ్రాఫిక్ ఈక్యూలో (శబ్దంలోని ఒక్కో శ్రేణికి ఒక్కో స్లైడర్ ఉండే చోట) 80 హెర్ట్జ్ స్లైడర్ పైకి జరిపి పోయిన బరువుని వెనక్కి తెచ్చుకుంటారు. కొత్తగా కొన్నవాడు అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి, ‘ఏంటీ, ఇంత పేరున్న యాంప్ ఇలా మోగుతోంది’ అని బుర్ర గోక్కుంటాడు. మార్షల్ తరహాలో టోన్ నాబ్‌లు ఆ గెయిన్ స్టేజ్‌ల తర్వాత వస్తాయి, అక్కడి లెక్క వేరు. ఒకే సెట్ నాబ్‌లు ఈ రెండు రకాల కాపురాలనీ నెగ్గుకురాలేవు. నన్నడిగితే దేని నాబ్‌లు దానికే ఉన్న మరో రెండు ఛానెళ్లాయనకి, పంచుకున్న నాబ్‌లతో వచ్చే మీకన్నా ఎక్కువ మార్కులు వేస్తాను. మీకు కోపం వచ్చినా సరే.

ఇక మీ క్రంచ్ గారి సంగతి. పాపం, ఆయన గురించి ఎవరూ అడగరు. కొనడానికి వచ్చినవాళ్లు క్లీన్‌లో రెండు కార్డ్‌లు మీటుతారు, వెంటనే లీడ్ 2కి దూకి గెయిన్ చివరిదాకా తిప్పుతారు, ముఖం వెలిగిపోతుంది, బిల్లు కడతారు. తయారుచేసేవాళ్లకీ ఈ సంగతి తెలుసు కాబట్టి, చాలా హెడ్‌లలో మధ్య ఛానెల్ అంటే కాస్త గెయిన్ తగ్గించిన లీడే. నిజానికి యాంప్ పస తేలేది అక్కడే. క్రంచ్ పెట్టి, గిటార్ మీది వాల్యూమ్ నాబ్ పదిలో ఉంచి గట్టిగా మీటితే గర్జించాలి. అదే నాబ్ నాలుగుకి దించి వేళ్లతో మీటితే కడిగిన ముత్యంలా పలకాలి. ఈ రెండూ చేసే ఛానెల్ ఒక్కటుంటే మిగతా మూడింటికి పనేమీ మిగలదు. ఈ మాట మీ యూనియన్ వాళ్లకి చెప్పకండి.

పోనీ నాలుగు ఛానెళ్లూ నాలుగు దారుల్లో వెళ్లాయే అనుకుందాం. చివరికి అందరూ దూరాల్సిన తలుపు ఒక్కటే. స్పీకర్‌ని నడిపే అవే పవర్ ట్యూబ్‌లు, వాటిని స్పీకర్‌కి కలిపే అదే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. మీలో ఈఎల్34 రకం పవర్ ట్యూబ్‌లు ఉంటే మిడిల్ ముందుకొచ్చి అరుస్తుంది, 6ఎల్6లు ఉంటే కింద బరువు, పైన విశాలం. ప్యానెల్ మీద ఏ దేశం పేరు రాసినా ఈ యాస మారదు. ఆ తర్వాత స్పీకర్. గిటార్ స్పీకర్ 5,000 హెర్ట్జ్ దాటాక పై శబ్దాలని వేగంగా వదిలేస్తుంది కాబట్టే డిస్టార్షన్ అనేది మనిషి చెవి తట్టుకునేలా ఉంటుంది. హెడ్ కోసం నెలల తరబడి పరిశోధన చేసినవాళ్లు క్యాబినెట్ (స్పీకర్ పెట్టె) మాత్రం ‘ఏదో ఒకటి’ అనేస్తారు. పెళ్లికొడుకుని వంద ప్రశ్నలడిగి, ఇల్లు చూడకుండానే ముహూర్తం పెట్టుకునే రకం.

వంద వాట్ల దగ్గరికొద్దాం. ఏభై వాట్ల మీ అన్నగారి కన్నా మీరు రెట్టింపు గట్టిగా మోగుతారని అందరి నమ్మకం. నిజానికి తేడా 3 డెసిబెల్స్. చెవికి రెట్టింపు గట్టిగా అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పదింతల వాట్లు. ఆ లెక్కన ఏభై వాట్ల యాంప్‌లో సగం గట్టిగా మోగడానికి ఐదు వాట్లు చాలు. సెలెస్షన్ వింటేజ్ 30 స్పీకర్‌కి ఒక్క వాట్ ఇస్తే మీటరు దూరంలో 100 డెసిబెల్స్ వినిపిస్తుంది. అందులోనే గోడలు దద్దరిల్లుతాయి. మిగతా 99 వాట్లు దేనికని అడిగితే, ‘హెడ్‌రూమ్’ అంటారు. క్లీన్ పగలకుండా ఉండటానికట. డ్రమ్మర్ పక్కన స్టేజీ మీద ఆ మాట నిజమే. మూసిన తలుపుల వెనక, రాత్రి పదకొండింటికి, అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

మీ మాస్టర్ వాల్యూమ్ గురించి వేరే చెప్పాలి. సున్నా నుంచి కదిపాను, చప్పుడు లేదు. ఇంకాస్త, చప్పుడు లేదు. ఇంకో వెంట్రుకవాసి తిప్పేసరికి కిటికీ అద్దాలు నాతో కలిసి వాయించడం మొదలుపెట్టాయి. మధ్యలో మనుషులు బతికే స్థాయి ఒకటి ఉంటుంది కదా, అది మీ నాబ్ మీద ఎక్కడుందో ఇంతవరకూ దొరకలేదు. మీ బడాయి దించే ఉపాయాలు బజారులో ఉన్నాయి లెండి. పెడల్స్ తగిలించే ఎఫెక్ట్స్ లూప్ సాకెట్లలో ఒక చిన్న వాల్యూమ్ డబ్బా పెడితే చాలు. లేదా స్పీకర్‌కి ముందు ఎటెన్యుయేటర్ పెట్టి మీ శక్తిని వేడిగా మార్చి పారేయొచ్చు. ఎంత విడ్డూరమో చూడండి, వంద వాట్లు డబ్బు పెట్టి కొని, తొంభై తొమ్మిది వదిలించుకోవడానికి మళ్లీ డబ్బు పెట్టడం.

వేడి అంటే గుర్తొచ్చింది. ఒక ఈఎల్34 ట్యూబ్‌ని వేడెక్కించే హీటర్ 6.3 వోల్టుల దగ్గర ఒకటిన్నర ఆంపియర్లు తాగుతుంది. అలాంటివి నాలుగు, వాటితోపాటు సిగ్నల్‌ని మొదట పెంచే చిన్న ప్రీయాంప్ ట్యూబ్‌లు, 12ఏఎక్స్7లు, ఐదు. మేము ఇంకా తీగ ముట్టుకోకముందే, కేవలం వెచ్చగా కూర్చోవడానికే మీరు దాదాపు 47 వాట్లు ఖర్చు చేస్తున్నారు. ఏ పనీ మొదలుకాకుండానే ఇంత ఖర్చు చూపించే ఉద్యోగిని నేనెక్కడా చూడలేదు. పైగా 1947 డిసెంబర్‌లో బెల్ ల్యాబ్స్‌లో ట్రాన్సిస్టర్ పుట్టిన నాడే మీకు రిటైర్మెంట్ కాగితం తయారైంది. రేడియోలు, టీవీలు మిమ్మల్ని సాగనంపేశాయి. మీరింకా డ్యూటీలో ఉన్నారంటే ప్రధానంగా మా గిటారిస్టుల మొండితనం వల్లే. మీ ట్యూబ్‌లు రష్యాలో సరాతోవ్ నుంచో, స్లొవేకియాలో జేజే ఫ్యాక్టరీ నుంచో రావాలి. అవి వచ్చేదాకా మేము ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలి.

వచ్చాకైనా కుదురుగా ఉంటాయా? ఆన్ చేసి, పెన్సిల్ వెనక భాగంతో ఒక్కో ప్రీయాంప్ ట్యూబ్‌ని మెల్లిగా తట్టండి. మంచిది ‘టక్’ అని ఊరుకుంటుంది. చెడింది ‘టింగ్...’ అని స్పీకర్‌లోంచి గంటలా మోగుతూనే ఉంటుంది. మైక్రోఫోనిక్ అంటారు దాన్ని. లీడ్ 2లో మీరు ఊరికే ఊళపెట్టడానికి చాలాసార్లు ఆ ఒక్క గాజుబుడ్డే కారణం, కానీ ఆ సంగతి తెలిసేలోపు మేము గిటార్ పికప్‌లు, కేబుళ్లు, పెడల్స్ అన్నీ మార్చేసి ఉంటాం.

ఫుట్‌స్విచ్. అబ్బ, ఫుట్‌స్విచ్. నెమ్మదిగా సాగే చరణం చివర క్లీన్ తీగలు ఇంకా మోగుతుండగా కాలెత్తి లీడ్ మీద వేయాలి. బటన్లు ఆరు, వాటి మధ్య ఎడం మా బూటు వెడల్పు కన్నా తక్కువ. లీడ్ 1 నొక్కబోతే లీడ్ 2 పడుతుంది, దాంతోపాటు పక్కనున్న రివర్బ్ (ప్రతిధ్వని) ఆరిపోతుంది. పైగా లీడ్ 2 మిగతావాటి కన్నా రెండింతలు గట్టిగా సెట్ అయి ఉంటుంది. గాయకుడు ఒక చూపు చూస్తాడు. ఆ చూపుకి ఏ ఛానెల్‌లోనూ జవాబుండదు.

కెంపర్, ఫ్రాక్టల్ వాళ్ల డిజిటల్ డబ్బాలు కూడా దరఖాస్తు పెట్టుకున్నాయి. వందల యాంప్‌ల గొంతులు అనుకరిస్తాయి, చంకలో పెట్టుకుపోవచ్చు, పదకొండింటికి హెడ్‌ఫోన్స్‌లో వినొచ్చు. బుద్ధి ఉన్నవాడు వాటినే తీసుకుంటాడు. నేను మీకు ఉత్తరం రాస్తున్నాను.

కాబట్టి నియమించుకుంటున్నాం, షరతులతో. మొదటి నెలలు ప్రొబేషన్. లీడ్ 2 జోలికి వెళ్లకుండా క్రంచ్‌తో మెప్పించాలి. స్పీకర్ తగిలించకుండా మిమ్మల్ని ఆన్ చేయబోతే ఏదో ఒకలా ఆపండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఆ బిల్లు భరించే స్థోమత లేదు. 8 ఓమ్‌ల క్యాబినెట్లు రెండు సమాంతరంగా (ప్యారలల్‌గా) కలిపితే 4 ఓమ్‌లు అవుతుందని వెనక ప్యానెల్ మీద పెద్దక్షరాలతో రాయించుకోండి, మా లెక్కల మీద మాకు నమ్మకం తక్కువ. ప్లగ్ పీకాక కూడా కెపాసిటర్లలో నాలుగొందల వోల్టులు దాచిపెట్టుకునే అలవాటు గురించి మెకానిక్ గారికి ముందే చెప్పి ఉంచాను, మూత ఆయనే తెరుస్తారు. మీ ఇరవై కిలోల ఒళ్లు మెట్లెక్కించే పని మాత్రం డ్రమ్మర్‌కి అప్పగించాను, తనకింకా చెప్పలేదు.

వచ్చేటప్పుడు ఫుట్‌స్విచ్‌తో పాటు ఆ ఏడు పిన్నుల కేబుల్ కూడా మర్చిపోకుండా తెచ్చుకోండి. విడిగా ఎక్కడా దొరకడం లేదు.

ఇట్లు,
మీ కాబోయే యజమాని
(అని అనుకుంటున్నవాడు)