లియోన్ ట్రబూల్ గారికి, తలుపు బయటి నుంచి

మహారాజశ్రీ ట్రబూల్ గారికి (అంటే ఫ్రాన్సులోని లియోన్ ఊళ్లో ఇళ్ల లోపలి నుంచి ఒక వీధిలోంచి ఇంకో వీధికి పోయే దారి గారికి),

మీ గుమ్మం ముందు నిలబడి కాళ్లు పీక్కుపోయిన ఒక ధర్మవరం వాడు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాయలేను. మీరు కులాసాగానే ఉన్నారని తలుపు మందం చూస్తేనే తెలిసింది. నా సంగతే బాలేదు.

నిన్న మధ్యాహ్నం మొత్తం మీ ఖాతాలో రాసుకోండి. ఊళ్లో మిగతావాటి మీద నాకు పెద్ద ఫిర్యాదుల్లేవు. రాళ్ల బాట చెప్పు తెంపింది, పోనీ. రెండు దాటగానే వంట ఆపేసిన హోటల్ మంచినీళ్లతో పంపేసింది, పోనీ. కొండెక్కే రైలును ఇక్కడ ముద్దుగా 'తాడు' అంటారు, ఫూర్వియేర్ కొండ మీది చర్చిని 'తలకిందులైన ఏనుగు' అంటారు. తాడు పట్టుకుని వెళ్లి ఏనుగును చూసి దిగొచ్చాను. నేనెక్కిన మెట్రోకు డ్రైవరే లేడు, అయినా దింపాల్సిన చోట దింపింది.

మీరు మాత్రం ఇళ్ల కడుపులోంచి పోయే దారి. సాన్ జాన్ వీధి 54లో దూరితే, ఎవరివో వాకిళ్లు దాటుకుంటూ ఎద్దు వీధి 27లో తేలతామట. వినడానికి బాగుంది. కానీ దూరాలంటే ముందు ఎవరి తలుపో తోయాలి కదండీ! మా ఊళ్లో అలా తోస్తే ఏం పెడతారో మీకు తెలీదు. మొదటి తలుపు తోస్తే పళ్ల డాక్టరు. రెండోది తోస్తే కుక్క. మూడోది తోయకముందే తెరుచుకుంది. చెత్త సంచితో ఒకాయన బయటికొచ్చి, నన్ను కిందినుంచి పైదాకా చూసి 'బోంజూర్' (నమస్కారం) అన్నాడు. ఆ బోంజూర్‌లో నాకు పోలీస్ స్టేషన్ అడ్రసు వినబడింది.

నాలుగోది మీదే. నంబరు రాసి పరువు తీయను. తోశాను. లాగాను. భుజం పెట్టి తోశాను. పక్కన అంకెల మీటలుంటే మా ఆవిడ పుట్టినరోజు కొట్టి చూశాను. 40 నిమిషాలు! టూరిస్టులు మీకు ఫోటో తీస్తుంటే మధ్యలో నేను. చివరికి చంకలో రొట్టెతో ఒక ముసలమ్మ వచ్చి, ఆ అంకెల కిందున్న చిన్న బటన్ బొటనవేలితో నొక్కింది. టిక్.

బటన్! పగటిపూట ఎవరైనా నొక్కి లోపలికి రావచ్చట! ఒరేయ్ ట్రబూలూ, ఆ ముక్క తలుపు మీద రాస్తే నీ సొమ్మేం పోయేదిరా? 1960ల్లో మీ పేటను కూల్చి రోడ్డు వేద్దామనుకున్నారు. 1964లో ఫ్రాన్సులోనే మొట్టమొదటి రక్షిత ప్రాంతమని ప్రకటించబట్టి బతికిపోయావు. నిన్న నాలుగున్నరకి అడిగుంటే నేను బుల్డోజర్ వైపు ఉండేవాణ్ణి.

ముసలమ్మ తలుపుకి నడుం ఆనించి, నేను దూరేదాకా ఆగింది. లోపల చీకటి, తడి రాయి వాసన, వరసగా పోస్టు డబ్బాలు, ఒక సైకిలు, ఆ తర్వాత ఉన్నట్టుండి ఆకాశం, చుట్టూ తిరుగుతూ పోయే రాతి మెట్లు. గోడ మీద 'శబ్దం చేయకండి' అని బోర్డు. ఆ బోర్డుకైతే చోటు దొరికింది!

నేను గట్టిగా ఏమీ అనలేదు. పట్టు బట్టలు తడవకుండా నేతగాళ్లు మీలోంచే మోసుకెళ్లేవారని చెబుతారు. మా నాన్న మగ్గం పైన కూర్చుని బట్టలో డిజైను నేయించే జకార్డు యంత్రం, ఆ చిల్లుల అట్టల దండతో సహా, ఈ ఊరివాడి పేరే. ఆయన నడుం నొప్పికీ ఈ ఊరితో చుట్టరికం ఉందన్నమాట. మెట్టు మీద కాసేపు కూర్చున్నాను.

రేపు పొద్దున క్రువా రూస్ గుట్ట మీదికి, జకార్డు విగ్రహం చూడ్డానికి పోతున్నా. దారిలో మీ వాళ్ల తలుపులు చాలా ఉన్నాయట. బటన్ పైనుందో కిందుందో కాస్త ముందే కబురు పెట్టించండి.

ఇట్లు,
తెగిన చెప్పుతో,
మీ తలుపు తోసినవాడు